మా బడిలో మూడో తరగతి పిల్లలు ఆరుగురికి సి గ్రేడు వచ్చింది. బడి మార్చాలా?

ప్రశ్న: గుంటూరు నల్లచెరువు, స్కూల్ కమిటీ సభ్యురాలు

అందరికీ నమస్కారం. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయన ట్రాలీ ఆటోలో మిర్చి యార్డుకు బస్తాలు తోలతారు. మా బాబు దగ్గర్లోని కార్పొరేషన్ ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి. నన్ను స్కూల్ కమిటీలో సభ్యురాలిగా ఎన్నుకున్నారు కాబట్టి మీటింగులన్నిటికీ వెళ్తాను.

మొన్న శనివారం మీటింగులో హెడ్మాస్టర్ మేడం పరీక్ష ఫలితాలు చదివారు. మూడో తరగతిలో ఉన్నది 14 మంది. లెక్కల్లో ఆరుగురికి సి గ్రేడు. నిరుడు 15 మందిలో నలుగురికే వచ్చింది. వెనక కూర్చున్న ఒకాయన ఫోన్లో లెక్క కట్టి, 'నిరుడు 27 శాతం, ఈ ఏడు 43 శాతం, బడి మునిగిపోతోంది' అని గట్టిగా అన్నాడు. ఇక అంతే, తలా ఒక మాట. నలుగురు తల్లులు సోమవారమే టీసీ అడుగుతామన్నారు. మేడం ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హాజరుపట్టీలో పెట్టేసుకున్నారు. ఆవిడ ముఖం నాకు ఇంకా కళ్ళలోనే ఉంది. బడి మొత్తానికి 58 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఆ రోజు రెండో టీచర్ ట్రైనింగుకు వెళ్ళారు.

ఆ ఆరుగురిలో మా వాడూ ఉన్నాడు. 20కి 7 వచ్చాయి. నాకు అస్సలు అంతుపట్టడం లేదు. వాడి చేతికి వంద ఇచ్చి దారపు ఉండలు, హుక్కులు, లైనింగు గుడ్డ తెమ్మంటాను. 36 రూపాయల సామాను అయితే 64 తెచ్చి బల్ల మీద పెడతాడు. ఇప్పటిదాకా ఒక్క రూపాయి తేడా రాలేదు. వాడికి లెక్కలు రావంటే ఎలా నమ్మాలి? రావు అంటే ఇన్నాళ్ళూ నేనేం చూసినట్టు? మూడు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

నాకు తెలియాల్సినవి ఇవి. ఈ పరీక్ష అసలు దేన్ని కొలుస్తుంది? టీవీలో చెప్పే కేంద్రం సర్వే, ఇదీ ఒకటేనా? కమిటీ తరఫున మేడంని ఏం అడిగితే ఉపయోగం ఉంటుంది? మా వాడిని ప్రైవేటుకు మార్చమంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి. మేడంని తిట్టడానికి మాత్రం ఎవరూ రాయకండి.


జవాబు: విజయవాడ పటమట, ఇద్దరు ఆడపిల్లల తండ్రి

అమ్మా, టీసీ మాత్రం తొందరపడి తీసుకోకండి. మా పెద్దమ్మాయి ఎల్కేజీ నుంచీ ప్రైవేటే. బడి పేరు చెప్పను. ప్రతి పరీక్షలోనూ 95 మార్కులకు తగ్గలేదు, ప్రోగ్రెస్ కార్డు చూసి మురిసిపోయేవాళ్ళం. రెండో తరగతి వేసవి సెలవుల్లో మా అమ్మ దగ్గరికి తెనాలి వెళ్దామని బస్టాండుకు వెళ్ళాం. 'ఏ బస్సు ఎక్కాలో బోర్డు చూసి చెప్పమ్మా' అన్నాను. 'తె' అని ఆగిపోయింది.

ఇంటికొచ్చాక దాని నోటుబుక్కు, పరీక్ష పేపరు పక్కపక్కన పెట్టి చూశాను. నోట్సులో రాయించిన ప్రశ్నలే, అదే వరసలో పేపర్లో ఉన్నాయి. వరస మార్చి అడిగితే నాలుగో ప్రశ్నకు మూడో ప్రశ్న జవాబు చెప్పింది, ఒక్క అక్షరం తప్పు పోకుండా. ఆ రోజు నేను పడిన బాధ మీరు ఈ మూడు రోజులుగా పడుతున్నదాని కంటే తక్కువేం కాదు. మీ బడి మీకు సి గ్రేడు అని నిజం చెప్పింది. మాకు ఆ నిజం చెప్పినవాళ్ళు లేరు.


జవాబు: ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), విజయవాడ మున్సిపల్ స్కూలు, 22 ఏళ్ళ సర్వీసు

అమ్మా, ముందు ఆ 27, 43 సంగతి. 14 మంది ఉన్న తరగతిలో ఒక్క పిల్లాడంటేనే 7 శాతం. నిరుడు నలుగురు, ఈ ఏడు ఆరుగురు. పెరిగింది ఇద్దరే. పైగా నిరుటి పిల్లలు వేరు, వీళ్ళు వేరు. ఒకరికి పరీక్ష రోజు జ్వరం ఉండొచ్చు, ఇంకొకరు రాత్రి పెళ్ళికి వెళ్ళి పొద్దున్నే నిద్రమొహంతో వచ్చి ఉండొచ్చు. ఇంత చిన్న తరగతికి శాతాలు కడితే ఒక ఏడు బడికి లేనిపోని నింద, ఇంకో ఏడు లేనిపోని పొగడ్త. శాతం పక్కన పెట్టి, ఆ ఆరుగురు ఎవరు, ఏ ప్రశ్న దగ్గర ఆగారు అని అడగండి.

టీవీలో చెప్పింది వేరు. అది పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్. అంతకుముందు 2017లో, 2021లో నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే అన్నారు, దాని తరవాతది ఇది. 2024 డిసెంబరు 4న దేశమంతటా 3, 6, 9 తరగతుల పిల్లలకు పెట్టారు. అన్ని బళ్ళలో పెట్టరు, కొన్నిటిని ఎంపిక చేసి పెడతారు. జిల్లా ఎలా ఉంది, రాష్ట్రం ఎలా ఉంది అని చెప్పడానికే తప్ప మీ బాబు గురించి గానీ మీ బడి గురించి గానీ అది ఏమీ చెప్పదు. దాని ఫలితాల్లో నన్ను కలవరపెట్టింది ఒకటుంది. దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో 99 లోపు అంకెలను చిన్న నుంచి పెద్దకు, పెద్ద నుంచి చిన్నకు వరసగా పేర్చగలిగినవాళ్ళు 55 శాతమే. కాబట్టి మీ బడిలో ఆరుగురు వెనకబడ్డారంటే అది మీ మేడం ఒక్కరి తప్పు అనుకోకండి. అలాగని వదిలేయమనీ కాదు.

అసర్ అని ఇంకో సర్వే పేరు వింటుంటారు. అది పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చేసేది, గుంటూరు టౌనుకు దాంతో పని లేదు. కానీ వాళ్ళ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, తరవాత రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, ఆపైన భాగహారం. పిల్ల ఎక్కడ ఆగితే అదే ఆమె మెట్టు. పది నిమిషాల పని. మీరూ ఇంట్లో చేయొచ్చు. వాడి పుస్తకంలోది కాకుండా వాడు ఎప్పుడూ చూడని పేజీ తీసుకోండి, పాత పిల్లల పత్రిక అయినా చాలు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లెక్క ప్రకారం మూడో తరగతి చివరికి పిల్లలు నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. గడియారం పెట్టి భయపెట్టకండి. చదివాక 'ఇందులో ఏం జరిగింది నాన్నా' అని అడగండి, అది ముఖ్యం.

ఇక పేపరు. మార్కుల కాగితం కాదు, వాడు రాసిన పేపరే అడిగి తెచ్చుకోండి. తప్పుల్లోనే అంతా ఉంటుంది. 63 లోంచి 28 తీసేయమంటే 45 అని రాసే పిల్లలు నాకు ప్రతి ఏడూ ఉంటారు. చూడటానికి పరాకుగా రాసినట్టు ఉంటుంది. కాదు. 6 లోంచి 2 తీస్తే 4, మూడులోంచి 8 పోదు కాబట్టి 8 లోంచి 3 తీసి 5. వాడికి ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతి తప్పు. అది దిద్దితే అలాంటి లెక్కలు పది ఒకేసారి ఒప్పవుతాయి. 'నాలుగు వందల మూడు' అంటే 4003 అని రాసేవాడూ అంతే, విన్నది విన్నట్టు నాలుగు వందలు రాసి పక్కన మూడు పెడతాడు. మన పిల్లలకు ఇంగ్లీషు మీడియం వచ్చాక 'ఫార్టీ' అంటే 14 రాయడం ఇంకొకటి. 'ఫోర్టీన్', 'ఫార్టీ' చెవికి ఒకేలా పడతాయి. ఇంట్లో నలభై అంటాం, బడిలో ఫార్టీ అంటాం. రెండు భాషల పాఠ్యపుస్తకం ఇచ్చారు, ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. తెలుగు పేజీ కూడా తెరిచి చదివించండి. అది చదివినందువల్ల ఇంగ్లీషు ఎక్కడికీ పోదు.

మా బడికి సింగ్ నగర్ పిల్లలు వస్తారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు వాళ్ళ ఇళ్ళన్నీ మునిగాయి. నీళ్ళు తీసి బడి తెరిచిన రోజు ఒక పాప తన తెలుగు పుస్తకం తెచ్చింది. పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకలా ఉంది, విడదీద్దామంటే చిరిగిపోతోంది. దాన్నే సంచిలో పెట్టుకుని రోజూ వచ్చేది. ఆ తరవాతి పరీక్షలో మా తరగతికి వచ్చిన మార్కులు చూస్తే మీరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. పై నుంచి చూసేవాళ్ళకు అది ఒక అంకె మాత్రమే.

కమిటీగా ఇంకొకటి గుర్తుంచుకోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీ స్కూల్లో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు. మీకు 58 మంది కాబట్టి ఇద్దరే. తరగతులు అయిదు. నలుగురు పిల్లలు టీసీ తీసుకుంటే 54 మంది అవుతారు, మూడో టీచర్ ఆశ ఇంకా దూరమవుతుంది. మరో ముగ్గురిని చేర్పిస్తే 61 మంది, ముగ్గురు టీచర్లు ఉండాలని అడిగే హక్కు మీకు వస్తుంది. టీసీ అంటున్న తల్లులకు ఈ మాట చెప్పి చూడండి.


జవాబు: విజయవాడ వన్‌టౌన్, కిరాణా షాపు

నేను ఒప్పుకోను మేడం. మార్కులు చూడొద్దు, పేపరు చూడండి అని చెప్పడం బాగానే ఉంటుంది. పేపరు చూసి అర్థం చేసుకునే తల్లిదండ్రులు ఎంతమంది? నాకు అంకె కావాలి, ఆ అంకెకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. మా అబ్బాయికి ఒకటి నుంచి నాలుగు దాకా 'బాగా చదువుతున్నాడు' అని రాసిచ్చారు. అయిదో తరగతిలో నవోదయ ఎంట్రన్సుకు కూర్చోబెట్టాం. 80 ప్రశ్నలు, 2 గంటలు. హాల్లోంచి బయటికొచ్చి నా చొక్కా పట్టుకుని ఏడ్చాడు, 'నాన్నా, చదివేలోపే టైము అయిపోయింది' అన్నాడు. అక్కడ 20 ప్రశ్నలు పేరా చదివి జవాబు గుర్తించేవి. వాడు పేరా చదవలేడని అయిదేళ్ళు మాకెవరూ చెప్పలేదు. ప్రతి ఏడూ అందరికీ ఒకే పేపరు, ఒకే కొలత పెట్టి, ఫలితం గోడకు అంటించి ఉంటే మూడో తరగతిలోనే మేలుకునేవాడిని.


జవాబు: ఎస్జీటీ, విజయవాడ మున్సిపల్ స్కూలు

షాపు అన్నయ్య గారూ, మీ బాబు మాట చదివి చాలాసేపు ఇంకేం చేయలేకపోయాను. నేను పరీక్ష వద్దనలేదు, అందరికీ ఒకే పేపరు ఉండాలనే నా మాట కూడా. గోడకు అంటించడం మాత్రం వద్దు. ఎనిమిదేళ్ళ పిల్ల పేరు పక్కన సి అని రాసి గోడకు పెడితే రేపు ఆ పిల్ల బడికి రాదు. ఆ నిజం గోడకు కాదు, తల్లికీ తండ్రికీ చెప్పాలి, ఏ ఏటిది ఆ ఏడే చెప్పాలి. మీకు చెప్పలేదు. అది మా వృత్తిలోని వాళ్ళ తప్పే, నేను కాదనను.


జవాబు: గుంటూరు గోరంట్ల, డీఎడ్ విద్యార్థి

ఒక సర్వే పరీక్ష పెట్టడానికి నన్ను ఒక బడికి పంపారు. ఒక్క విషయం చెప్తాను. సర్వే అనగానే బడిలో అందరికీ టెన్షన్. నేను వెళ్ళేసరికి పిల్లలు తల దువ్వుకుని, చేతులు కట్టుకుని, ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. ఒక బాబు పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కాడంటే కాగితానికి చిల్లు పడింది. జవాబులకు ఓఎమ్మార్ షీటులో గుండ్రాలు ఎలా దిద్దాలో వాళ్ళకు అంతకు ముందు సరిగ్గా ఎవరూ చూపించలేదు. ఒకరు సున్నా చుట్టారు, ఒకరు టిక్కు పెట్టారు, ఇంకొకరు ప్రశ్న వదిలేసినా షీటులో గడి వదలకుండా తరవాతి జవాబును అందులో దిద్దారు. లెక్క రావడం వేరు, షీటు దిద్దడం వేరు. అక్కా, మీ బాబు పేపరు తెచ్చుకున్నప్పుడు ఓఎమ్మార్ షీటు కూడా అడిగి చూడండి.


ప్రశ్న అడిగినవారు, నల్లచెరువు

అందరికీ దండాలు. ఇవాళ మధ్యాహ్నం భోజనాల టైములో బడికి వెళ్ళి మేడంతో కూర్చున్నాను. పేపర్లు అడిగితే కోప్పడతారేమో అనుకున్నాను. ఆవిడే బీరువా తీసి కట్ట మొత్తం నా ముందు పెట్టి, 'ఇన్నేళ్ళలో పేపరు చూపించమన్న తల్లివి నువ్వేనమ్మా' అన్నారు.

గోరంట్ల తమ్ముడూ, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. పేపర్లో 15 ప్రశ్నలు గుండ్రాలు దిద్దేవి, 5 మార్కులకు చేత్తో రాసేవి. మా వాడు ఆరో ప్రశ్న రాక వదిలేశాడు. షీటులో ఆరో గడి మాత్రం వదల్లేదు. ఏడో దాని జవాబు ఆరులో, ఎనిమిదోది ఏడులో, అలా చివరిదాకా ఒక మెట్టు పైకి జరిగింది. పదిహేనో గడి ఖాళీ. మేడం ఎర్ర పెన్ను పక్కన పెట్టి పెన్సిల్‌తో మళ్ళీ లెక్కవేశారు. మొదటి అయిదింటిలో నాలుగు ఒప్పు, తరవాతి తొమ్మిదింటిలో ఏడు ఒప్పు, రాసినవాటిలో ఒకటి. 12 రావాలి. ఆవిడ చాలాసేపు ఆ షీటునే చూస్తూ ఉండిపోయారు. ఇద్దరు టీచర్లతో అయిదు తరగతుల షీట్లు దిద్దుతుంటే ఇది కంటబడలేదని చెప్పారు. నేనేమీ అనలేదు.

అయినా మిగిలిన తప్పులు తప్పులే. రవి దగ్గర 54 గోళీలు, సీత దగ్గర 21, రవికి ఎన్ని ఎక్కువ అని అడిగారు. ప్రశ్న ఇంగ్లీషులోనూ ఉంది, తెలుగులోనూ ఉంది. వీడు 75 అని రాశాడు. ఇంటికొచ్చాక 'ఎందుకు కలిపావురా' అంటే, 'ఎక్కువ అంది కదమ్మా, ఎక్కువ అంటే కలపాలి' అన్నాడు. ప్రశ్న చదవలేదు. రెండు అంకెలు, 'ఎక్కువ' అన్న మాట, అంతే చూశాడు. 52 లోంచి 17 తీసేసే లెక్క కూడా టీచర్ మేడం చెప్పినట్టే 45 చేశాడు. కొట్టుకెళ్ళి చిల్లర తెచ్చేవాడికి ఇది ఎందుకు రాలేదా అని ఆలోచించాను. కొట్టు దగ్గర వాడు తీసివేయడం లేదు. 36 నుంచి 40, 40 నుంచి 100 అని ఎక్కుకుంటూ పోతున్నాడు. అది వాడే కనిపెట్టుకున్నాడు, బడి లెక్కతో దాన్ని కలిపి చూపించినవాళ్ళు లేరు.

నేను హుక్కులు పదేసి చొప్పున దారానికి గుచ్చి పెట్టుకుంటాను. ఆ దండలు అయిదు, విడి హుక్కులు రెండు వాడి ముందు పెట్టి 17 ఇవ్వమన్నాను. ఒక దండ ఇచ్చాడు. ఏడు కావాలి, విడివి రెండే ఉన్నాయి. నా వైపు, హుక్కుల వైపు చూశాడు. తరవాత ఒక దండ తీసుకుని పళ్ళతో ముడి విప్పాడు. పది హుక్కులు చాప మీద పడ్డాయి. 'ఇప్పుడు పన్నెండు ఉన్నాయమ్మా' అన్నాడు. మిగిలినవి లెక్కపెట్టి 35 అని చెప్పి, పేపరు తెచ్చుకుని 45 కొట్టేసి పక్కన వాడే రాసుకున్నాడు.

మిగతా అయిదుగురి సంగతి అంత తేలిక కాదు. వాళ్ళలో ముగ్గురు అసలు ప్రశ్న చదవలేరు. మా పక్కింటి పాప వాళ్ళమ్మ పొద్దున్నే మిరపలో తాలు కాయలు ఏరడానికి వెళ్తుంది, దీపాలు పెట్టే వేళకు గానీ రాదు. ఆ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాత పత్రిక చదివించాను. 'అమ్మ' గడగడా చదివింది. 'చెమ్మ' దగ్గర ఆగింది. 'అమ్మ' చదవలేదు మేడం, అది బొమ్మలా గుర్తుంది అంతే. ఒత్తులు రావు.

హెడ్మాస్టర్ మేడం, నేను ఒక మాట అనుకున్నాం. 3, 4, 5 తరగతుల పిల్లలను రోజూ మొదటి గంట తరగతిని బట్టి కాకుండా చదవగలిగినదాన్ని బట్టి కూర్చోబెడతారు. మంగళవారం, గురువారం నేనూ వెళ్ళి ఒక గుంపు దగ్గర కూర్చుంటాను. పండగ ముందు కుట్టుపని ఎక్కువ, అయినా వెళ్తాను. టీసీ అన్న నలుగురిలో ఇద్దరు ఆగారు, ఇద్దరు వెళ్ళిపోతున్నారు. 61 మాట కూడా చెప్పి చూశాను. వాళ్ళను తప్పుపట్టలేను.

టీచర్ మేడం గారూ, ఒత్తులు రాని పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టాలి?


జవాబు: ఎస్జీటీ, విజయవాడ మున్సిపల్ స్కూలు

అమ్మా, ముందు అక్షరానికి అదే ఒత్తు వచ్చేవి తీసుకోండి. అక్క, పువ్వు, బువ్వ, ముద్ద, గుడ్డు, నల్లి, పిల్లి. వాళ్ళు ఇంట్లో రోజూ అనే మాటలే కావాలి. రోజుకు నాలుగు చాలు. గుణింతం గట్టిగా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. చాలామంది ఒత్తు దగ్గర ఆగారని మనం అనుకుంటాం, నిజానికి 'చె' దగ్గరే తడబడి ఉంటారు. 'చెమ' అని రాసి చదివించండి, చదివితే దాని కింద మకారం ఒత్తు పెట్టి మళ్ళీ చదివించండి. చక్రం, పుస్తకం, బస్తా లాంటివి రెండు వారాలు ఆగి మొదలుపెట్టండి. అందులో 'బస్తా' ముందు పెట్టండి, మీ పేట పిల్లలకు అది కళ్ళ ముందే ఉంటుంది. మంగళవారం ఎలా జరిగిందో రాయండి.